పాట విన్నా ఏమీ అనిపించకపోవడం: చెవి సంగతా, మెదడు సంగతా?

మౌనరేఖ
పాట వింటే నాకు ఏమీ అనిపించదు. నచ్చకపోవడం కాదు, చిరాకూ కాదు. మోగుతున్నా ఒకటే, ఆగిపోయినా ఒకటే. ఏ పాటో గుర్తుపడతాను, ఎవరైనా శ్రుతి తప్పితే తెలుస్తుంది, తాళం అందుతుంది. పుస్తకం, సినిమా, ఆట, నలుగురితో కబుర్లు, వీటన్నిటిలో సంతోషానికి లోటు లేదు. ఒక్క సంగీతం దగ్గరే ఖాళీ. ఈ మాట చెప్తే వచ్చే జవాబులు రెండే: "నీకు మనసు లేదు", "నువ్వు మంచి పాట విన్లేదు". రెండూ విని విసుగొచ్చింది. దీనికి పేరేమైనా ఉందా? చెవిలో లోపమా, డిప్రెషన్ లాంటిదా, పుట్టుకతో వచ్చేదా? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

పాత_రేడియో
మనసు లేదన్నవాళ్ళది తప్పు. రెండో మాటను మాత్రం కొట్టిపారేయకండి. ఒక్కొక్కరికి ఒక్కో రకం సంగీతం తగులుతుంది. తగిలేదాకా వెతకాలి.

నాడీతంతు
పేరుంది. మ్యూజికల్ అన్‌హెడోనియా అంటారు. మిగతా ఆనందాలన్నీ బాగానే ఉండి సంగీతం ఒక్కటే అందకపోతే ముందు "స్పెసిఫిక్" అని చేరుస్తారు.

బార్సిలోనా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2014లో 'కరెంట్ బయాలజీ' పత్రికలో ఒక ప్రయోగం ప్రచురించారు. 30 మందిని పదేసి మంది చొప్పున మూడు జట్లు చేశారు: సంగీతమంటే పడి చచ్చేవాళ్ళు, మామూలుగా ఇష్టపడేవాళ్ళు, అస్సలు పట్టనివాళ్ళు. పనులు రెండు. పాట వింటూ ఎంత ఆనందంగా ఉందో ఎప్పటికప్పుడు మీట నొక్కి చెప్పడం ఒకటి. తెర మీద గుర్తు కనబడగానే గబుక్కున మీట నొక్కి డబ్బు గెలుచుకోవడం రెండోది. రెండు పనుల్లోనూ చర్మం వాహకత (చెమట కొద్దిగా పెరిగినా ఇది మారుతుంది), గుండె వేగం కొలిచారు. మూడో జట్టువాళ్ళకి పాట దగ్గర శరీరం స్పందించలేదు. డబ్బు దగ్గర మాత్రం మిగతా రెండు జట్లతో సమానంగా స్పందించింది.

కాబట్టి ఇది వాళ్ళు బెట్టు చేస్తున్న విషయం కాదు. మెదడులో ఆనందాన్ని పుట్టించే యంత్రాంగం బాగానే ఉంది. సంగీతం దాని దాకా చేరడం లేదు, అంతే. ఇలాంటివాళ్ళు 3 నుంచి 5 శాతం దాకా ఉంటారని అంచనా. మానసిక రుగ్మతల జాబితా డీఎస్ఎమ్-5లో దీనికి చోటు లేదు, అంటే దీన్ని జబ్బుగా లెక్కపెట్టలేదు.

వినికిడి_లెక్క
పేరు తగిలించుకునే ముందు చెవిని తేల్చుకోవాలి. మాట స్పష్టంగా వినిపిస్తోంది కాబట్టి చెవి బాగానే ఉందనుకోవడం మామూలుగా జరిగే పొరపాటు. మాట అర్థం కావడానికి కావలసినదంతా ఎక్కువగా 500 నుంచి 4000 హెర్ట్జ్ మధ్యే దొరుకుతుంది. సంగీతం అంతకన్నా చాలా వెడల్పు. పియానో అట్టడుగు మెట్టు 27.5 హెర్ట్జ్, పై చివరి మెట్టు 4186 హెర్ట్జ్. వాయిద్యానికి దాని గొంతును ఇచ్చే అనుస్వరాలు ఇంకా పైన ఉంటాయి. పైస్థాయి వినికిడి తగ్గినవాళ్ళకి మాట నడిచిపోతుంది, వయొలిన్ మాత్రం పొడిగా, మొద్దుగా వినిపిస్తుంది.

ఆడియోగ్రామ్‌లో, అంటే వినికిడి పరీక్షలో, 250 నుంచి 8000 హెర్ట్జ్ దాకా చూస్తారు. పెద్దవాళ్ళలో 25 డెసిబెల్స్ లోపు ఉంటే మామూలే. వీలైతే ఇంకో రెండు విషయాలు అడిగి చూపించుకోండి.

ఒకటి, డిప్లాక్యూసిస్. ఒకే స్వరం రెండు చెవులకీ రెండు శ్రుతుల్లో వినబడటం. ఇంట్లోనే తెలుసుకోవచ్చు: ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ పెట్టుకుని 1000 హెర్ట్జ్ స్వరాన్ని హెడ్‌ఫోన్‌లో ఒకసారి కుడి చెవికి, ఒకసారి ఎడమ చెవికి మార్చి మార్చి వినండి. తర్వాత 500, 2000, 3000. ఎక్కడైనా ఒక చెవిలో స్వరం పైకో కిందికో జరిగినట్టు ఉంటే డాక్టర్‌కి చెప్పాలి. ఇది ఉన్నవాళ్ళకి ప్రతి పాటా ఎంతో కొంత అపశ్రుతిలోనే వినిపిస్తుంది, ఇక ఆనందం ఎక్కడిది.

రెండు, హైపరాక్యూసిస్. మామూలు శబ్దమే భరించలేనంత పెద్దగా అనిపించడం. వీళ్ళు సంగీతానికి దూరంగా జరగడం శబ్దతీవ్రత వల్ల, సంగీతం వల్ల కాదు.

మౌనరేఖ
ఆడియోగ్రామ్ ఉంది, రెండు చెవులూ అన్ని చోట్లా 15 డెసిబెల్స్ లోపే. మీరు చెప్పిన స్వరాల పరీక్ష చేశాను, తేడా ఏమీ లేదు. శబ్దం ఇబ్బంది పెట్టదు.

శ్రుతిపెట్టె
తర్వాత తీసేయాల్సింది అమ్యూజియా. చాలామంది ఈ రెండింటినీ ఒకటే అనుకుంటారు, అసలు సంబంధం లేదు. అమ్యూజియా ఉన్నవాళ్ళకి స్వరాల మధ్య దూరం సరిగా అందదు. ఒక స్వరస్థానం, అంటే సెమీటోన్, తేడాని కూడా పట్టుకోవడం వాళ్ళలో చాలామందికి కష్టం. మామూలు చెవి అందులో నాలుగో వంతు తేడాని కూడా పట్టేస్తుంది.

దీనికి వాడే పరీక్షలు మాంట్రియల్‌లో తయారయ్యాయి, 2003లో వచ్చాయి. మొత్తం ఆరు: స్వరశ్రేణి, రాగరేఖ ఎక్కడం దిగడం, స్వరాంతరం, లయ, తాళవిభజన, జ్ఞాపకం. చాలా భాగాల్లో రెండు చిన్న బాణీలు వినిపించి "ఒకటేనా, వేరా" అని అడుగుతారు.

ఇంట్లో ముతకగా చూసుకోవాలంటే: బాగా తెలిసిన పాటల బాణీని మాటలు లేకుండా వాయిద్యం మీద ఎవరితోనైనా వాయింపించుకోండి. ఏ పాటో చెప్పగలరా? తర్వాత అదే బాణీలో ఒక్క స్వరాన్ని స్వరశ్రేణి బయటికి మార్చమనండి, ఎక్కడ మారిందో మీకు చెప్పకుండా. చెయ్యి ఎత్తగలరా? రెండూ చేయగలిగితే అమ్యూజియా కాదని దాదాపు ఖాయం. పాట మాటలతో ఉంటేనే గుర్తుపట్టగలిగి, మాటలు తీసేస్తే పోల్చుకోలేకపోతే అప్పుడు పూర్తి పరీక్ష చేయించాలి. చాలామంది ఇక్కడే మోసపోతారు. పాటను సాహిత్యం పట్టుకుని గుర్తుపడుతూ తమకి స్వరజ్ఞానం ఉందనుకుంటారు.

జనాభాలో 4 శాతం మందికి అమ్యూజియా అని పాత లెక్క. 2017లో సుమారు 20,000 మందితో ఆన్‌లైన్‌లో చేసిన పరిశీలనలో 1.5 శాతమే తేలింది. ఇంకో సంగతి, స్వరాలు అందనివాళ్ళలోనూ కొందరు సంగీతాన్ని ఎంతో ఇష్టంగా వింటారు. వినడం వేరు, ఆనందించడం వేరు అనడానికి రెండు వైపుల నుంచీ సాక్ష్యం ఉందన్నమాట.

మౌనరేఖ
బాణీలు మాటలు లేకుండానే గుర్తుపడతాను. మార్చిన స్వరం వెంటనే గుచ్చుకున్నట్టు తెలుస్తుంది.

పాత_రేడియో
ఇది విషాదం, ఇది సంబరం అని కూడా తెలుస్తుందా మరి? తెలిసి కూడా ఏమీ అనిపించకపోవడం నాకు మింగుడు పడటం లేదు.

నాడీతంతు
తెలుస్తుంది. పాటలోని భావాన్ని గుర్తించడానికి గుర్తులు బయటే ఉంటాయి: నడక వేగం, గొంతు బలం, స్వరాల ఎంపిక, పలుకులోని మెత్తదనం. వాటిని చదివి "ఇది ఏడుపు పాట" అనడం ఒక పని. ఆ ఏడుపు తన లోపల కదలడం వేరే పని. వీళ్ళలో మొదటిది చెక్కుచెదరదు.

పైన చెప్పిన బార్సిలోనా బృందం 2018లో ఇంకో కొనసాగింపు చేసింది. సంగీతం పట్టనివాళ్ళకి చిత్రకళ చూపించారు, మనుషుల నవ్వు, ఏడుపు లాంటి భావోద్వేగ శబ్దాలు వినిపించారు. వాటికి మామూలుగానే స్పందించారు. అంటే అందం పట్టకపోవడం కాదు, శబ్దంలోంచి భావం అందకపోవడమూ కాదు. మనసు లేదన్నవాళ్ళకి జవాబు ఇక్కడుంది. మౌనరేఖ గారూ, ఆ మాట ఇంకెవరైనా అంటే దీన్ని చూపించండి.

కొలబద్ద
కొలవడానికి ప్రశ్నావళి ఉంది, బార్సిలోనా మ్యూజిక్ రివార్డ్ క్వశ్చనేర్, 2013 నాటిది. 20 వాక్యాలు, ఒక్కోదానికి 1 నుంచి 5. ఐదు పాయలుగా, పాయకి నాలుగు వాక్యాలు:

సంగీతాన్ని వెతుక్కోవడం (కొత్తది కావాలనిపించడం, దాని కోసం సమయం పెట్టడం).
భావం కదలడం (కన్నీరు, ఒళ్ళు జలదరించడం).
మూడ్ మార్చుకోవడానికి వాడుకోవడం.
పదిమందితో కలిపే గుణం.
శరీరం కదలడం (కాలు ఆడించడం, కూనిరాగం తీయడం, నాట్యం).

మొత్తం కూడితే 20 నుంచి 100. జనం సొంతంగా వేసుకునేటప్పుడు మామూలుగా చెడేది మూడు చోట్ల. మొదటిది, కొన్ని వాక్యాలు తిరగేసి ఉంటాయి, "ఖాళీ సమయంలో పాటలు పెద్దగా వినను" లాంటివి. అక్కడ 5 పెడితే లెక్కలో అది 1 అవ్వాలి. మర్చిపోతే మొత్తం ఉబ్బుతుంది. రెండోది, ఈ వారం మూడ్‌ని బట్టి జవాబులు పెట్టడం. ఎప్పుడూ ఉండే అలవాటుని అడుగుతోంది అది. మూడోది, మొత్తం ఒక్కటే చూసి వదిలేయడం. అసలు సమాచారం పాయల్లో ఉంటుంది. ఇద్దరికి ఒకే మొత్తం వచ్చినా ఒకరికి భావం సున్నా, కదలిక నిండుగా ఉండొచ్చు, ఇంకొకరికి సరిగ్గా తలకిందులు.

ఒళ్ళు జలదరించకపోవడం ఒక్కటే పట్టుకుని "నాకు అన్‌హెడోనియా" అనేవాళ్ళు బోలెడు. పాటను ప్రాణంగా వినేవాళ్ళలో కూడా చాలామందికి ఆ జలదరింపు రాదు. అది కొలమానం కాదు. ఈమధ్య సంగీతంలో లీనమైపోవడం అనే ఆరో పాయ చేర్చి 24 వాక్యాలుగా విస్తరించిన రూపం కూడా వచ్చింది.

మౌనరేఖ
వేసి చూశాను. నాలుగు పాయలు అట్టడుగు. శరీరం కదలడం ఒక్కటి మధ్యలో ఉంది. తాళానికి కాలు ఆడుతుంది కానీ దాంట్లో సంతోషం ఏమీ లేదు.

తాళంచెవి
ఆ ఫలితం అర్థవంతంగానే ఉంది. తాళం పట్టుకోవడానికి మెదడు వాడేది కదలిక యంత్రాంగం: పుటామెన్, సప్లిమెంటరీ మోటార్ ఏరియా. మనిషి కదలకుండా వింటున్నా ఇవి పనిచేస్తాయి. అందుకే కాలు ఆడటం, ఆనందం కలగడం విడివిడిగా ఉండగలవు.

ఊగాలనిపించే గుణానికి ఒక ఒంపు ఉంది. 2014లో డ్రమ్ముల దరువులతో పరీక్షించినప్పుడు, తాళం నుంచి దెబ్బ పక్కకి జరగడం మరీ తక్కువున్నవీ, మరీ ఎక్కువున్నవీ కాకుండా మధ్యరకం దరువులే ఎక్కువమందిని కదిలించాయి, ఎక్కువ ఆనందాన్నీ ఇచ్చాయి. నిమిషానికి 100 నుంచి 120 దెబ్బల వేగం శరీరానికి తేలిగ్గా పడుతుంది. మౌనరేఖ గారికి ఏదన్నా ప్రయత్నించి చూడాలని ఉంటే కూర్చుని వినడం కన్నా వాయించడం వైపు వెళ్ళమంటాను. బల్ల మీద రెండు చేతులతో, ఇంకొకరితో జతగా. అక్కడ దొరికే ఆనందం సంగీతానిది కాకపోవచ్చు, కలిసి ఒకే దెబ్బ మీద పడటంలోనిది కావచ్చు. దొరికితే మాత్రం దొరికినట్టే.

పాత_రేడియో
ఇదిగో, నేనన్నదీ అదే. ఏదో ఒక తలుపు తెరుచుకుంటుంది.

తాళంచెవి
పాత_రేడియో గారి చేతికి ఈ థ్రెడ్ తాళాలిస్తే పొద్దున్నకల్లా నిండా పాటలే ఉంటాయి :)

మందుచీటీ
ఇక్కడ చదివేవాళ్ళలో మౌనరేఖ గారి పరిస్థితి కానివాళ్ళు కూడా ఉంటారు. వాళ్ళ కోసం గట్టిగా చెప్తున్నాను. ముందు వేసుకోవాల్సిన ప్రశ్న "ఎప్పటి నుంచి?"

చిన్నప్పటి నుంచీ ఇంతే, మిగతా ఆనందాలు బాగున్నాయి: పైన చెప్పుకుంటున్నది ఇదే, భయం లేదు.

ఒకప్పుడు ఇష్టం, ఇప్పుడు లేదు, దాంతోపాటు తిండి, స్నేహితులు, ఇష్టమైన పనులు కూడా రుచించడం లేదు: ఇది సంగీతం సమస్య కాదు. ఇలా రోజులో ఎక్కువ భాగం, రెండు వారాలు దాటి ఉంటే డిప్రెషన్ కోసం చూపించుకోవాలి. ఆనందం మొత్తంగా తగ్గిందా అని కొలిచేందుకు స్నైత్-హామిల్టన్ స్కేల్ అని 14 వాక్యాల చిన్న పత్రం ఉంది, డాక్టర్ల దగ్గర దొరుకుతుంది. బార్సిలోనా ప్రశ్నావళిలో తక్కువ, దీంట్లో మామూలు అయితే స్పెసిఫిక్. రెండింట్లోనూ ఆనందం తగ్గినట్టు తేలితే వేరే దారి.

కొత్త మందు మొదలైన తర్వాత తగ్గింది: డిప్రెషన్‌కి ఇచ్చే ఎస్ఎస్ఆర్ఐ మందుల్లో దుఃఖంతోపాటు సంతోషం కూడా మొద్దుబారినట్టు కొందరికి అవుతుంది. మోతాదు తగ్గించడమో, మందు మార్చడమో డాక్టర్ చేస్తారు. సొంతంగా ఆపొద్దు. ఉన్నపళంగా ఆపితే తలతిరుగుడు, నిద్రలేమి, తలలో కరెంటు కొట్టినట్టు ఉండటం లాంటివి వస్తాయి. మూర్ఛకి వాడే కార్బమాజపైన్ ఇంకో విచిత్రం చేస్తుంది: అరుదుగా కొందరికి స్వరాలన్నీ దాదాపు ఒక సెమీటోన్ కిందికి జరిగి వినిపిస్తాయి. మందు ఆపాక తిరిగి సర్దుకుంటుంది. తెలిసిన పాట హఠాత్తుగా తప్పుగా వినిపిస్తే మందుల చీటీ ఒకసారి చూడండి.

ఒక్కసారిగా, ఇన్ని గంటలకి అని చెప్పగలిగేంత హఠాత్తుగా పోయింది: స్ట్రోక్ కోసం వెంటనే ఆసుపత్రికి. మాట తడబడటం, ముఖం ఒక పక్కకి జారడం, చెయ్యి బలహీనపడటం తోడుంటే ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయకూడదు.

పాత_రేడియో
స్ట్రోక్‌తో సంగీతం ఒక్కటే పోయిన దాఖలాలు ఉన్నాయా?

మందుచీటీ
ఉన్నాయి, అరుదు. 2004లో ప్రచురించిన కేసులో 52 ఏళ్ళ రేడియో అనౌన్సర్‌కి మెదడు ఎడమవైపు ఇన్సులా, దాని ముందుభాగం, అమిగ్డాలా దాకా స్ట్రోక్ దెబ్బ తగిలింది. మాట తిరిగి వచ్చింది, వినికిడీ స్వరజ్ఞానమూ నిలబడ్డాయి. ఎంతో ఇష్టంగా వినే రఖ్మానినోవ్ పియానో రచనలు మాత్రం ఏ భావమూ కలిగించకుండా పోయాయి. అలాగని మెదడుకి ఏ దెబ్బ తగిలినా ఇలా అవుతుందనుకోవద్దు. 2017లో మెదడులో ఒకచోట దెబ్బతిన్న 78 మందిని పరిశీలిస్తే ఇలా సంగీతానందం కోల్పోయినవాళ్ళు చాలా కొద్దిమందే.

వంతెన
"చేరడం లేదు" అని నాడీతంతు గారు పైన ఒక్క ముక్కలో అన్నారు. అసలు విషయం అదే కాబట్టి విప్పి చెప్తాను.

పాట ముందు శ్రవణ వల్కలంలోకి, అంటే కణతల దగ్గరి మెదడు పైపొరలోకి వెళ్తుంది. ఆనందం పుట్టేది కింద లోతుగా ఉన్న న్యూక్లియస్ అక్యుంబెన్స్‌లో. ఇది తిండి, డబ్బు అన్నిటికీ ఉమ్మడి. ఈ రెండింటి మధ్య సంభాషణ ఎంత గట్టిగా ఉంటే పాట అంత విలువైందిగా అనిపిస్తుంది. 2013లో 'సైన్స్' పత్రికలో వచ్చిన ప్రయోగంలో, ముందెప్పుడూ వినని పాట ముక్కలు వినిపించి సొంత డబ్బుతో వేలం పాడమన్నారు. ఎవరు ఏ పాటకి ఎక్కువ పెట్టారో ఆ పాట వింటున్నప్పుడు ఈ రెండు చోట్ల మధ్య అనుసంధానం ఎక్కువగా కనబడింది.

దీని రెండో వైపు 2016లో తేలింది. 45 మందిని మూడు జట్లుగా స్కాన్ చేశారు. సంగీతం పట్టనివాళ్ళలో పాట వింటున్నప్పుడు కుడివైపు శ్రవణ వల్కలానికీ అక్యుంబెన్స్ ఉన్న ప్రాంతానికీ మధ్య అనుసంధానం బలహీనంగా ఉంది. అదే స్కానర్లో జూదం ఆడించి డబ్బు గెలిపిస్తే ఆ ప్రాంతం మామూలుగానే వెలిగింది. 2019లో తెల్లపదార్థం, అంటే మెదడులోని నాడీతంతువుల కట్టలు, పరిశీలించి ఈ దారిలో నిర్మాణపరమైన తేడాలు కూడా ఉన్నాయని చూపించారు. చెవి వైపు ఊరు బాగుంది, ఆనందం వైపు ఊరు బాగుంది, మధ్య దారి సన్నం.

శ్రుతిపెట్టె
దారి సన్నమైనందుకు ఆనందం తగ్గిందా, చిన్నప్పటి నుంచీ ఆనందం లేక వినకపోవడం వల్ల దారి సన్నంగా మిగిలిందా? స్కాన్ దీన్ని తేల్చదు కదా.

వంతెన
తేల్చదు, మీరు పట్టుకున్నది సరైన చోటే. కారణం ఏ వైపో చూడాలంటే బయటి నుంచి కదిపి చూడాలి. మామూలు మనుషుల మీద అలా చేశారు. 2019 ప్రయోగంలో 27 మందికి వేర్వేరు రోజుల్లో డోపమైన్ (ఆనందంతో ముడిపడిన మెదడు రసాయనం) పెంచే లెవోడోపా, డోపమైన్‌ని అడ్డుకునే రిస్పెరిడోన్, ఉత్తుత్తి మాత్ర ఇచ్చి పాటలు వినిపించారు. లెవోడోపా రోజు ఆనందం పెరిగింది, రిస్పెరిడోన్ రోజు తగ్గింది. తల బయట నుంచి అయస్కాంత తరంగాలతో నుదుటి ఎడమ భాగాన్ని ఉత్తేజపరిస్తే పాట మీద ఇష్టం పెరగడం, అణిచేస్తే తగ్గడం కూడా చూశారు. కాబట్టి ఈ దారిని కదిపితే ఆనందం కదులుతుందనేంత వరకు నిలబడింది. పుట్టుకతో సన్నగా ఉన్నవాళ్ళలో ఏది ముందన్నది దీంతో తేలదు.

మందుచీటీ
వంతెన గారి పోస్టు చదివి ఎవరూ లెవోడోపా వైపు చూడకండి. అది పార్కిన్సన్ మందు. ఒక్క మోతాదుతో ల్యాబ్‌లో కొలిచిన తేడా అది, వైద్యం కాదు. సంగీతం రుచించకపోవడానికి మందు లేదు, అవసరమూ లేదు.

మౌనరేఖ
పుట్టుకతో అన్నారు కాబట్టి అడుగుతున్నాను. ఇది వంశంలో వస్తుందా?

నాడీతంతు
2025లో 'నేచర్ కమ్యూనికేషన్స్'లో స్వీడన్ కవలల మీద పెద్ద పరిశీలన వచ్చింది, 9,000 మందికి పైగా. పూర్తిగా ఒకే జన్యువులున్న కవలల్నీ మామూలు కవలల్నీ పోల్చారు. సంగీతానందంలో మనిషికీ మనిషికీ ఉండే తేడాల్లో దాదాపు 54 శాతం జన్యువులకి ముడిపడి ఉందని తేలింది. ఇంకో ముఖ్యమైన ముక్క: ఆ జన్యు ప్రభావంలో ఎక్కువ భాగం స్వరాలని పసిగట్టే శక్తితోనూ, సాధారణంగా ఆనందించే గుణంతోనూ కలవదు, విడిగా ఉంది.

54 శాతం అంటే మీలో సగం జన్యువులు అని కాదు. జనం మధ్య తేడాల గురించిన లెక్క అది, ఒక మనిషి గురించి కాదు. మీ పిల్లలకి వస్తుందా రాదా అని దీన్నుంచి చెప్పలేం.

పాత_రేడియో
మిగతా సగం పరిసరాలదే కదా. అలవాటు చేసుకుంటే పెరగదా?

శ్రుతిపెట్టె
కొంతవరకు మీతో ఏకీభవిస్తాను. సంగీతంలో ఆనందం చాలా మటుకు ఊహలోంచి వస్తుంది. తర్వాత ఏ స్వరం పడుతుందో మెదడు ముందే అంచనా కడుతుంది, ఆ అంచనా నెగ్గడమూ ఓడడమూ రెండూ రుచే. 2019లో పాటల్లోని వేలకొద్దీ స్వరగుచ్ఛాలు (కార్డ్‌లు) లెక్కగట్టి చూసిన పరిశీలనలో, గట్టిగా ఒకటి ఊహించినప్పుడు ఇంకోటి పడినా, ఏం పడుతుందో తెలియని చోట ఊహకి దగ్గరగా పడినా బాగా నచ్చిందని తేలింది. తెలియని సంప్రదాయపు సంగీతంలో అంచనా కట్టడానికే పట్టు దొరకదు. అందుకే మొదటిసారి చప్పగా ఉంటుంది. నాలుగైదు సార్లకి పట్టు దొరికి రుచి మొదలవుతుంది, మరీ ఎక్కువ వింటే మళ్ళీ తగ్గుతుంది.

కాబట్టి ఒక న్యాయమైన పరీక్ష ఇలా ఉండాలి. ఐదు రకాల నుంచి ఐదు పాటలు. ఒక్కోటి రోజుకోసారి చొప్పున పది రోజులు. వేరే పని చేస్తూ కాదు, ఊరికే కూర్చుని. ఫోన్ స్పీకర్ వద్దు, అందులో కింది స్థాయి స్వరాలు రావు, మంచి హెడ్‌ఫోన్ వాడండి. శబ్దం మామూలు మాటకన్నా కొంచెం ఎక్కువ, 65 నుంచి 75 డెసిబెల్స్ మధ్య. ప్రతిసారీ 0 నుంచి 10 అంకె వేసుకోండి, నిన్నటి అంకె చూడకుండా. పోలికకి ఒక ఆరో ముక్క పెట్టుకోండి: ఇష్టమైన కథో, మాటల కార్యక్రమమో. ఏ పాట గీతా పైకి లేవకపోయి, ఆరోది మాత్రం ఎప్పుడూ ఎత్తులో ఉంటే ఇంకా వెతకడం వల్ల ఒరిగేది లేదు. ఏదైనా ఒకటి మూడో రోజు నుంచీ లేవడం మొదలుపెడితే, మొదట్లో చప్పగా ఉన్నది పరిచయం తక్కువవడం వల్లే. ఆ రకాన్నే ఇంకొన్నాళ్ళు వినండి.

కొలబద్ద
ఒక సవరింపు. పక్కన ఎవరూ ఉండకూడదు. "ఎలా ఉంది, నచ్చిందా" అని అడిగే మనిషి గదిలో ఉంటే అంకె వాళ్ళ కోసం పడుతుంది.

తాళంచెవి
బలవంతంగా రోజూ వినిపిస్తే ఏమీ అనిపించని చోట చిరాకు మొదలవుతుంది. అంకెలు కిందికి దిగడం మొదలైతే ఆపేయండి, పది రోజులూ పూర్తి చేయాలన్న పట్టుదల వద్దు.

రెండో_చెవి
విషయం కాస్త పక్కది. ఇదివరకు బాగా వినేవాళ్ళు, వినికిడి యంత్రం పెట్టుకున్నాక సంగీతం అసహ్యంగా ఉందని మానేస్తే అది కూడా ఇదేనా?

వినికిడి_లెక్క
కాదు, అది చాలావరకు యంత్రం అమరిక, సరిదిద్దుకోవచ్చు. ఆ యంత్రాలు మాట కోసం చేసినవి. ఫీడ్‌బ్యాక్ క్యాన్సిలర్ అని ఒకటి ఉంటుంది, యంత్రం పెట్టే ఈలని పట్టి నొక్కేస్తుంది. వేణువు మీద పొడవుగా పట్టిన స్వరం దానికి ఈలలాగే కనబడుతుంది, దాన్నీ నొక్కేస్తుంది, లేదా వణికిస్తుంది. నాయిస్ రిడక్షన్ కూడా అంతే, ఆగకుండా మోగే తంబుర దానికి రొద. కంప్రెషన్ పెద్ద శబ్దాన్ని తగ్గించి చిన్నదాన్ని పెంచుతుంది, దాంతో పాటలోని ఎత్తుపల్లాలు చదునైపోతాయి.

ఆడియాలజిస్ట్‌ని విడిగా ఒక మ్యూజిక్ ప్రోగ్రామ్ పెట్టమని అడగండి: ఫీడ్‌బ్యాక్ క్యాన్సిలర్ ఆఫ్ లేదా కనిష్ఠం, నాయిస్ రిడక్షన్ ఆఫ్, మైకు నలువైపులా వినేలా, కంప్రెషన్ తక్కువ. ఇంకో చిక్కు మైకు దగ్గరే వస్తుంది. దగ్గర్నుంచి వింటే సంగీతం శిఖరాలు 100 డెసిబెల్స్ దాటతాయి, చాలా యంత్రాల లోపలి మార్పిడి భాగం అంత తీసుకోలేక చీలిపోయిన శబ్దం ఇస్తుంది. అలా చీలింది తర్వాత ఏ అమరికతోనూ బాగుపడదు. అందుకని పాట పెట్టిన చోట శబ్దం తగ్గించి యంత్రంలో పెంచుకోవాలి, తిరగేసి కాదు. కచేరీ లాంటి చోట మైకు మీద పారదర్శకమైన టేపు మూడు నాలుగు పొరలు అంటిస్తే లోపలికి వెళ్ళే శబ్దం దాదాపు 10 డెసిబెల్స్ తగ్గుతుంది. తర్వాత తీసేయడం మర్చిపోవద్దు.

కాక్లియర్ ఇంప్లాంట్ అయితే సంగతి వేరు. లోపలి చెవిలో స్వరాన్ని పట్టే రోమకణాలు సుమారు 3,500 ఉండే చోట అది 12 నుంచి 22 ఎలక్ట్రోడ్లతో నెట్టుకొస్తుంది. లయ బాగా అందుతుంది, శ్రుతి అందదు. వాళ్ళకి ఒకే వాయిద్యం, స్పష్టమైన దరువు, ముందే తెలిసిన పాట తేలిక. వాద్యబృందం మొత్తం ఒకేసారి కష్టం.

రెండో_చెవి
మ్యూజిక్ ప్రోగ్రామ్ ఉందన్న సంగతే తెలియదు. అడుగుతాం.

మందుచీటీ
మౌనరేఖ గారికి పనికొచ్చే మాట ఒకటి మిగిలింది. ఆపరేషన్‌కి ముందు ఆందోళన తగ్గడానికి, నొప్పికి, స్ట్రోక్ తర్వాత కోలుకోవడానికి పాటలు వినిపించడం చాలా చోట్ల మొదలైంది. వాటి ప్రయోజనంలో కొంత వాటా పాట ఇచ్చే ఆనందానిది కావచ్చు. అలాంటి సందర్భం వస్తే "నాకు పాట పనిచేయదు, కథలు వినిపించండి" అని ముందే చెప్పండి. నడక సరిచేయడానికి తాళం వినిపించే పద్ధతి మాత్రం వదులుకోవద్దు. తాళంచెవి గారు చెప్పినట్టు అది కదలిక దారిలో పనిచేస్తుంది, ఆనందంతో పని లేదు.

మౌనరేఖ
ఇది ఎవరూ చెప్పగా వినలేదు, రాసి పెట్టుకున్నాను. శ్రుతిపెట్టె గారి పది రోజుల పరీక్ష చేస్తాను. ఐదు రకాలు ఎలా ఎంచుకోవాలి?

పాత_రేడియో
ఐదు చాలవు, కనీసం పది పెట్టండి. జాబితా నేనిస్తాను.

శ్రుతిపెట్టె
పది పెడితే ఒక్కోదానికి శ్రద్ధ తగ్గుతుంది, రోజుకి నలభై నిమిషాలు పడుతుంది, మూడో రోజుకే మానేస్తారు. ఐదే. పాటల పేర్లు కాదు, తేడాలు చూసి ఎంచండి: గొంతు ఉన్నది ఒకటి, వాయిద్యం మాత్రమే ఒకటి, దరువు ముందుండేది ఒకటి, తాళం లేకుండా నెమ్మదిగా సాగే ఆలాపన ఒకటి, అనేక గొంతులు కలిసి పాడేది ఒకటి. గొంతు ఉన్నవాటికి అర్థం తెలియని భాష తీసుకోండి, లేకపోతే అంకె సాహిత్యానికి పడుతుంది. ఒక్కోటి నాలుగు నిమిషాలు దాటొద్దు. పాత_రేడియో గారు ఈ ఐదు గళ్ళలో ఒక్కోటి సూచించండి, మిగిలినవి రెండో విడతకి ఉంచుదాం.

పాత_రేడియో
సరే, ఒప్పుకున్నాను. ఆలాపనకి మాత్రం నాలుగు నిమిషాలు చాలదు, ఏడు ఇవ్వండి.

శ్రుతిపెట్టె
ఏడు ఇచ్చాను. దానికి అంకె చివర్లో ఒకసారి కాదు, మధ్యలో ఒకసారి, చివర ఒకసారి వేయండి.